గిన్నెలత్త కడిగేసిన పాలు

మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు కేకలేస్తే తలవంచుకుని ఊరుకునేవాళ్ళం. గిన్నెలత్త మూతి ముడిస్తే మాత్రం ఆ పూటకి మా పని అయిపోయినట్టే. పురిటిబిడ్డల గది వెనకున్న కడుగుడు గదిలో ఆవిడ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చేసిన పనల్లా ఉగ్గుగిన్నెలు తోమడం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రొమ్ము పట్టి చప్పరించే శక్తి ఉండదు. తల్లి దగ్గర పాలు పిండి తెచ్చి, కొందరికి దూదిపుల్లతో బుగ్గ లోపల రాస్తాం, కాస్త కోలుకున్నవాళ్ళకు ముక్కున్న చిన్న స్టీలు గిన్నెతో చుక్కచుక్కగా పోస్తాం. ఆ గిన్నెలన్నీ గిన్నెలత్త చేతుల్లోంచి రావాల్సిందే.

నేను అక్కడ నర్సుని. ఆవిడ గురించి రాసే అర్హత నాకు ఉందో లేదో ఇది చదివాక మీరే తేల్చండి.

మనిషి పొట్టి, గొంతు పొడుగు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడేది. తోమడం, కడగడం, మరిగించడం, తెల్లగుడ్డ మీద బోర్లించడం. ఈ వరస తప్పితే పాపం చుట్టుకుంటుందన్నట్టు చేసేది. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఒకాయన కప్పు దొరక్క ఉగ్గుగిన్నెలో టీ పోసుకున్నాడు. గిన్నెలత్త ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుని, టీ సింకులో పారబోసి, దాన్ని మూడుసార్లు మరిగించింది. ఆ తర్వాత నెల రోజులు ఆయన్ని అందరి ముందూ "పాపాయ్" అనే పిలిచింది. "పాపాయ్, పాలు తాగావా?" అని అడిగేది. పాపం, ఆయన అటువైపు రావడమే మానుకున్నాడు.

బిడ్డల గదిలో ఒక గట్టు ఉండేది, ఒక బల్ల ఉండేది. తలుపు పక్కన నల్లరాతి గట్టు మీద వాడేసిన గిన్నెలు పెట్టాలి. లోపల కిటికీ కింద తెల్లబల్ల మీద పాలున్న గిన్నెలు పెట్టాలి. గిన్నెలత్త బుట్ట పట్టుకుని వచ్చి గట్టు మీదివి ఎత్తుకుపోయేది. పాల బల్ల వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. ఈ పద్ధతి ఆవిడే పెట్టింది, మేమంతా బుద్ధిగా పాటించాం.

నేను చేరిన కొత్తలో మా ఇద్దరికీ అసలు పడేది కాదు. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులూ వచ్చే చిక్కటి పసుప్పచ్చని ముర్రుపాల గురించి నేను తల్లులకు చెబుతుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వేది.

"అవేం పాలమ్మాయ్, చీములాగా! మా అమ్మాయి పుట్టినప్పుడు మూడు రోజులు పిండి నేలపాలు చేయించింది మా అత్తగారు. పంచదార నీళ్ళతో గడిపాం. పిల్ల బతకలేదా?"

"పుస్తకాల్లో రాశారు అత్తా. రోగాల్ని ఆపే శక్తంతా అందులోనే ఉందట. బిడ్డ పేగులకి లోపల పూతలా పట్టుకుంటుందట."

"పుస్తకం రాసినాయన ఎంతమందికి పాలిచ్చాడు?"



ఆవిడ మనసు మార్చింది నేను కాదు, నా పుస్తకాలూ కాదు. గిన్నెలే మార్చాయి. మొదటి రోజు గిన్నె అడుగున పసుప్పచ్చని జిడ్డు ఉన్న బిడ్డలెవరో, లేని బిడ్డలెవరో తోమే మనిషికి తెలియకుండా ఉంటుందా? జిడ్డున్న గిన్నెల బిడ్డల్లో ఎక్కువమంది నెలా నెలన్నరకి తల్లి ఒళ్ళో ఎక్కి ఇంటికి పోతున్నారు. లేని గిన్నెలు కొన్ని మధ్యలోనే ఆగిపోతున్నాయి. ఆగిపోయిందంటే ఏమిటో ఎవరూ ఆవిడకు చెప్పనక్కర్లేదు. అలా నాలుగైదేళ్ళు చూసి చూసి, ఒకరోజు తడి చేతులతోనే నా దగ్గరకొచ్చింది.

"నువ్వు చెప్పేది నిజమేనమ్మాయ్" అంది.  ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక పెళ్ళీడుకొచ్చిన కూతుర్ని పట్టుకుని ఏడ్చిందట. చిన్నప్పుడు ఆ పిల్ల ఏడాదికి పదిసార్లు విరేచనాలతో పడకేసేది. ఆ సంగతి కూతురే తర్వాత నాతో చెప్పింది.

అక్కణ్ణించి ఇక ఆవిణ్ణి ఆపగలిగినవాళ్ళు లేరు. టీ తాగడానికిచ్చే విరామంలో పై అంతస్తులోని బాలింతల వార్డుకెళ్ళి నిలబడేది. ఆవిడకు తల్లుల పేర్లు గుర్తుండవు, మంచం నంబర్లంటే అసహ్యం. చేసే పనిని బట్టి పిలుచుకునేది. బస్సు కండక్టరు భార్య టిక్కెట్లమ్మాయి, బళ్ళో పాఠాలు చెప్పే ఆవిడ పలకమ్మాయి. "ఇవి పాలు కావే, మీ బిడ్డకు మీరు తొడిగే మొదటి చొక్కా. బట్టల్లేకుండా బయటికి పంపుతారా?" అని నిలదీసేది. పిండి పారబొయ్యమనే పెద్దవాళ్ళ మీదికి మాత్రం గయ్యిమని లేచేది. తను పారబోసింది కాబట్టి ఆ హక్కు తనకుందని ఆవిడ నమ్మకం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ కడిగేసిన పాలు ఎవరో పిండి తెచ్చినవి కావు. ఆవిడే దగ్గర కూర్చుని పిండించినవి.

ఆ తల్లి రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో చొక్కాలకు బొత్తాలు కుట్టేది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఏడో నెలలో మిషన్ దగ్గరే నొప్పులొచ్చి, ఒంటి మీద దారప్పోగులతోనే ఆసుపత్రికి వచ్చింది. మొహం, పాదాలు వాచిపోయి ఉన్నాయి. రక్తపోటు ఆకాశంలో ఉంది. మగబిడ్డ. కిలో కూడా లేడు. నా రెండు అరచేతులూ కలిపితే అందులో సరిపోయాడు. వాణ్ణి కింద అద్దాలపెట్టెలో పెట్టాం, ఆమెను పై అంతస్తులో పడుకోబెట్టారు. బిడ్డ మొహం ఆమె సరిగ్గా చూడనే లేదు.

గిన్నెలత్త ఆమెకు బొత్తాలమ్మాయి అని పేరు పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న పాల కోసం నేను పైకి వెళ్ళేసరికి బొత్తాలమ్మాయి అత్తగారు అడ్డం నిలబడింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఐదుగుర్ని కని ముగ్గుర్ని నిలుపుకున్న మనిషి, మనవడంటే అప్పుడే ప్రాణం పెట్టేసింది. "అసలే గుప్పెడంత ప్రాణం. ఆ చెడ్డపాలు పడితే తట్టుకుంటాడా? తెల్లపాలు పడనివ్వండి, అప్పుడిద్దాం" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను చెప్పిందేదీ ఆవిడ చెవికెక్కలేదు. కిందికొచ్చి గిన్నెలత్తతో మొరపెట్టుకున్నాను.

"పద" అంటూ చేతులు తుడుచుకుంది.

పావుగంటలో ఆవిడ ఆ అత్తగార్ని ఎలా దారికి తెచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. తిట్టలేదు. పక్కన కూర్చుని, తన కూతురికి తను చేసిన అన్యాయం మెల్లగా చెప్పుకొచ్చింది. "నా చేత్తో నేనే నేలపాలు చేశానొదినా. నువ్వు చెయ్యొద్దు" అంది. ఆ పెద్దావిడ చివరికి "మీ ఇష్టం. నాకేం తెలుసు" అని గోడవైపు తిరిగి కూర్చుంది.

గిన్నెలత్త బొత్తాలమ్మాయి వెనక మంచమెక్కి కూర్చుని, ఆ పిల్లను తన గుండెకు ఆనించుకుంది. వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు రొమ్ము మీద వేసి మెల్లగా నిమిరింది. నేను ముందు గిన్నె పట్టుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. బొత్తాలమ్మాయి తల నొప్పిగా ఉందంటోంది, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటోంది. వాపుకీ మందులకీ అలాగే ఉంటుందనుకున్నాను. దాదాపు గంటకి ఒక చుక్క పడింది. తేనెలా చిక్కగా, మెల్లగా జారింది. తర్వాత ఇంకొకటి. అన్నీ కలిపి ఏడెనిమిది చుక్కలు.

బొత్తాలమ్మాయి గిన్నెలోకి తొంగి చూసి, "ఇంతేనా? బొత్తామంత కూడా లేవు" అంది, ఏడుపు గొంతుతో.

"నీ కొడుకు పొట్ట ఎంతుందనుకున్నావే? వాడికిది పెళ్ళిభోజనం" అంది గిన్నెలత్త. ఆ పిల్ల నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదొక్కసారే.

గిన్నెలత్త ఆమెను పడుకోబెట్టి, అత్తగారితో ఇంకో రెండు మాటలు చెప్పొస్తానని ఆగిపోయింది. నేను గిన్నె పట్టుకుని మెట్లు దిగాను. గది తలుపు తోసేసరికి లోపల గంట మోగుతోంది. బొత్తాలమ్మాయి బిడ్డే. ఊపిరి ఆపేశాడు, ఒళ్ళు నీలం తిరిగింది. నేను పరిగెత్తాను. చేతిలో గిన్నె ఉంది. పాల బల్ల దాకా పదడుగులు నడవాలి. గట్టు చెయ్యి చాపితే అందుతుంది.

గట్టు మీద పెట్టాను.

 ఆ పదడుగులు నడిచి ఉంటే బిడ్డ చచ్చిపోయేవాడా? కాదు. పక్కన ఇంకో నర్సు అప్పటికే వాడికి గాలి అందిస్తోంది. ఒక్క నిమిషంలో వాడు కేర్‌మన్నాడు. ఆ గుక్క విన్న సంతోషంలో, గొట్టం సరిచెయ్యడంలో, డాక్టరుగారికి చెప్పడంలో, ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు గిన్నె గుర్తొచ్చి దూదిపుల్ల తీసుకుని వెనక్కి తిరిగాను. గట్టు ఖాళీగా ఉంది.

కడుగుడు గదిలో గిన్నెలత్త కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుంది. "తాగేశాడుగా బుజ్జిగాడు! గట్టు మీద గిన్నె చూడగానే ప్రాణం లేచొచ్చిందమ్మాయ్. అడుగున కాస్త జిడ్డుంటే..."

నా మొహం చూసి ఆగిపోయింది. తెల్లగుడ్డ మీద పన్నెండు గిన్నెలు బోర్లించి ఉన్నాయి, అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. వాటిలో అదేదో దేవుడికే తెలియాలి.

అక్కడ నేను ఏం చెయ్యాల్సింది? తప్పు నాదని చెప్పి ఆవిడ చేతులు పట్టుకోవాల్సింది. నేను గొంతు చించుకుని అరిచాను. "ఎవరు తియ్యమన్నారు? వాడింకా తాగలేదు! గట్టు మీదెవరు పెట్టారు? నేను పాల బల్ల మీద పెట్టాను!"

ఆవిడ "బల్ల మీదా?" అంది. తన చేతుల వైపు చూసుకుంది. "బల్ల మీద పెట్టావా..." అని మళ్ళీ అంది, ఈసారి చాలా మెల్లగా. అక్కడే తడి నేల మీద కూలబడింది. నేను ఆవిణ్ణి లేపకుండా ఇంకో గిన్నె తీసుకుని పైకి పరిగెత్తాను. మళ్ళీ పిండుకురావచ్చు, నాలుగు చుక్కలైనా చాలు అనుకున్నాను. వార్డు గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి బొత్తాలమ్మాయి మంచం చుట్టూ మనుషులు. ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళు విల్లులా వంగిపోతోంది. చక్రాల మంచం మీద ఆమెను నా ముందునుంచే తీసుకుపోయారు.

మూడు రోజులు ఆమెకు తెలివి రాలేదు. పాల కోసం ఆమె ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. మిగతా తల్లుల పాలు ఇంకొకరి బిడ్డకు పట్టే ఏర్పాటు మా దగ్గర అప్పట్లో లేదు. బిడ్డకు డబ్బాపాలు మొదలుపెట్టారు.

నాలుగో రోజు బొత్తాలమ్మాయి కళ్ళు తెరిచింది. నేను చూడటానికి వెళ్ళాను, అత్తగారు పక్కనే కూర్చుని ఉంది. పెదాలు కొరుక్కుని పుళ్ళు పడ్డాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. బిడ్డ ఎలా ఉన్నాడని కూడా అడగలేదు. "నేనిచ్చిన పాలు తాగాడా?" అంది.

"తాగాడమ్మా" అన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! "చప్పరించాడు కూడా" అన్నాను. నా నోటికి అడ్డూ అదుపూ ఉంటే ఇంత రాయాల్సిన పనేముంది?

గుమ్మంలో గిన్నెలత్త నిలబడి ఉంది. వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఎందుకట్లా చెప్పావ్?" అంది.

"నిజం చెబితే ఏమొస్తుందత్తా? ఆ పిల్లకు మళ్ళీ పాలు పడతాయేమోనని చూస్తున్నాం. మనసు చెడితే అదీ ఉండదు. నువ్వు మాట్లాడకు."

ఆవిడ మాట్లాడలేదు. పాలూ పడలేదు. రోజుకి ఐదారుసార్లు ప్రయత్నించాం. ఆ ఒళ్ళు ఎండిపోయింది. ఎనిమిదో రోజు బిడ్డ పొట్ట ఉబ్బింది. చర్మం బిగుసుకుని మెరిసింది. పేగుల్లో చీము పట్టిందన్నారు. పాలు ఆపేశారు, సూది మందులు మార్చారు. పదో రోజు పొద్దున్న పదింటికి వాడు పోయాడు. పోయేటప్పుడు నేనే దగ్గరున్నాను. పెద్దగా బాధపడలేదు, అలిసిపోయినట్టుగా ఆగిపోయాడు.

ముర్రుపాలు తాగి ఉంటే ఆ చీము పట్టేది కాదేమో. తాగినా పట్టేదేమో. తాగిన బిడ్డల్లో ఈ జబ్బు తక్కువ కనిపిస్తుందని మాత్రం నాకు తెలుసు, అది గిన్నెలత్తకు ఇంకా బాగా తెలుసు.

బిడ్డను గుడ్డలో చుట్టి తల్లికి చూపించడానికి తీసుకెళ్ళాను. గిన్నెలత్త నా వెనకే వచ్చింది. వద్దన్నా వినలేదు. వార్డులో ముప్పై మంది బాలింతలు, వాళ్ళ తాలూకు మనుషులు. బొత్తాలమ్మాయి భర్త కిటికీ దగ్గర కొయ్యబారిపోయి నిలబడ్డాడు. సరుకులు చేరవేసే వ్యాను నడిపేవాడు, యూనిఫాం కూడా విప్పలేదు. బొత్తాలమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు విప్పి చూస్తోంది. అత్తగారు ఒక్కసారిగా రొమ్ము బాదుకుంది.

"నేను చెప్పానా లేదా? ఆ చెడ్డపాలు పట్టొద్దని కాళ్ళావేళ్ళా పడ్డానా లేదా? ఎవరు విన్నారు నా మాట? పేగులు కుళ్ళిపోయాయట నా తండ్రికి! నువ్వే పట్టావు కదే, నువ్వే చంపుకున్నావు కదే వాణ్ణి!"

 పక్క మంచం మీద ముందురోజే కాన్పయిన పిల్ల, బిడ్డను రొమ్ము మీద నుంచి మెల్లగా తప్పించింది. ఎదుటి మంచం మీది ఆమె కూడా జాకెట్టు హుక్కులు పెట్టేసుకుంది. అది నా కళ్ళతో చూశాను. గిన్నెలత్తా చూసింది.

బొత్తాలమ్మాయి ఏడవలేదు. బిడ్డ మొహంలోకి చూస్తూ, "నేనేనా?" అంది. "నా పాల వల్లేనా సిస్టరమ్మా?"

 కాదని అన్నాను. అత్తగారు "మరి నువ్వేగా తాగాడన్నావ్, చప్పరించాడు కూడా అన్నావ్!" అంది.  నేను అల్లిన అబద్ధమే ఆ పిల్ల మెడకు చుట్టుకుంటోంది. నిజం చెప్పడానికి నోరు తెరవాలి. తెరిస్తే గట్టు దాకా చెప్పాలి.

గిన్నెలత్త నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"వాడు ఆ పాలు తాగలేదు" అంది, అందరికీ వినపడేలా. "సిస్టరమ్మ తెచ్చి పాల బల్ల మీద పెట్టింది. నేను చూసుకోకుండా ఎత్తుకుపోయి కడిగేశాను. నీ పాలు చెడ్డవి కావమ్మా. నువ్వేం చెయ్యలేదు. అవి వాడి నోటిదాకా రానేలేదు. అన్యాయం చేసింది నేను." తర్వాత చుట్టూ తిరిగి, "మీ బిడ్డలకు పాలివ్వండే! మానుతారేంటి? ఇవ్వండి!" అని అరిచింది. 

భర్త ఆవిడ మీదికి వచ్చాడు. నలుగురు పట్టుకున్నారు. అత్తగారు నోటికొచ్చినట్టు తిట్టింది. గిన్నెలత్త కదల్లేదు. ఆవిడ బొత్తాలమ్మాయినే చూస్తోంది.

బొత్తాలమ్మాయి తలెత్తింది. "ఒక్క చుక్క కూడానా?" అంది.

"ఒక్క చుక్క కూడా తాగలేదమ్మా."

ఆ పిల్లకు ఊరట కలుగుతుందని నేననుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! తప్పు తనది కాదని తెలిసింది, నిజమే. దాంతోపాటు, బిడ్డకు తను ఇవ్వగలిగిన ఒకే ఒక్కటి కూడా అందలేదని తెలిసింది. అప్పుడు ఏడ్చింది. బిడ్డను గుండెలకు హత్తుకుని, వాడి నోటిని రొమ్ముకు ఆనించి, "తాగరా, తాగరా నాన్నా" అంటూ ఏడ్చింది. వార్డులో ఏడవనివాళ్ళు లేరు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూ కూడా గట్టు మాట చెప్పలేదు.

విచారణ జరిగింది. నన్నడిగితే, పాల బల్ల మీదే పెట్టానని సంతకం చేశాను. గిన్నెలత్తను పురిటిబిడ్డల గదినుంచి తీసేసి, నేలమాళిగలో దుప్పట్లు ఉతికే చోటికి పంపించారు. రక్తపు మరకల దుప్పట్లు, మందుల కంపు, కిటికీ లేని గది. రిటైరయ్యేదాకా నాలుగేళ్ళు అక్కడే పనిచేసింది. నేను రెండేళ్ళలో పురిటిబిడ్డల గదికి పెద్దనర్సునయ్యాను. పాలున్న ప్రతి గిన్నెకూ మూతపెట్టి తల్లి పేరు రాసే పద్ధతి తెచ్చాను. ఎంత ముందుచూపని అందరూ మెచ్చుకున్నారు. సభ పెట్టి శాలువా కూడా కప్పారు. ఆ శాలువా నా బీరువాలోనే ఉంది, ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

బొత్తాలమ్మాయి మళ్ళీ మా ఆసుపత్రికి రాలేదు. కాన్పుల పుస్తకంలో ఆమె ఊరూ పేరూ కోసం ప్రతి నెలా వెతికేదాన్ని. వస్తే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

పదకొండేళ్ళ తర్వాత, గిన్నెలత్తకు బాగాలేదని కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఒక రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం మీదున్న రెండు గదుల్లో తల్లీకూతుళ్ళు ఉంటున్నారు. మెట్ల దాకా వేడి రొట్టె వాసన వస్తోంది. మంచం మీద ఆవిడ సగమైపోయి ఉంది. నన్ను చూసి, "వచ్చావా పెద్దసిస్టరమ్మా, ఇప్పటికి తీరిందా?" అని ఎత్తిపొడిచింది. చేతులు మాత్రం దుప్పటి మీద ఊరుకోలేక ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి.

కూతురు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. "అత్తా, ఆ గిన్నె నేను గట్టు మీదే పెట్టాను" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు అరిచినప్పట్నుంచీ. ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడైనా బల్ల మీద చెయ్యి వేశానటే?"

"మరి అందరిలో నీ మీదేసుకున్నావెందుకు? విచారణలో అయినా చెప్పొచ్చుగా?"

ఆవిడ విసుక్కుంది. "నీకు బుర్ర ఎప్పుడొస్తుందో! అక్కడున్నవాళ్ళంతా పసిబిడ్డల తల్లులు. పాలు తీసుకెళ్ళే నర్సే పాడుచేసిందంటే, మర్నాడు నీ చేతికి ఎవరిస్తారు? తోమే మనిషి తప్పు చేస్తే తోమే మనిషిని మార్చేస్తారు. అంతేగా. అయినా, గట్టు మీదుందని చూడకుండా తోమేయడమేనా? ఇద్దరం పిండిన పాలు కదా. ఒక్కసారి వంచి చూస్తే తెలిసేది."

నేను ఆవిడ కాళ్ళ మీద తలపెట్టి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఊరుకోమని కూడా అనలేదు. ఏడవడం పూర్తయ్యాక నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఒకటి అడుగుతాను. నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పాలి. అవి తాగుంటే వాడు బతికేవాడా?"

బతికేవాడు కాదులే అత్తా అనేస్తే ఆవిడ నెమ్మదిగా పడుకుంటుంది. కానీ అన్నేళ్ళపాటు వార్డుల్లో ఆవిడ అరిచిన అరుపులన్నీ అబద్ధమైపోతాయి. బతికేవాడంటే ఆవిణ్ణి నా చేత్తో నేనే చంపినట్టు.

"తెలియదత్తా. కిలో కూడా లేని బిడ్డ. బతికే వీలు కాస్త ఎక్కువుండేది. అంతకుమించి ఎవరూ చెప్పలేరు."

"కాస్తేనా?"

"కాస్తే."

 "ఆ కాస్త కోసమే కదమ్మాయ్, నేను అందరి మీదా అన్నాళ్ళు కేకలేసింది" అని, కొంగు మొహం మీదికి లాక్కుంది. కూతురు తెచ్చిన టీ ఇద్దరి దగ్గరా చల్లారిపోయింది, నేను సాయంత్రం దాకా ఆ మంచం పక్కనే కూర్చున్నాను.